టేబుల్ ట్యాగు పాత చింతకాయ పచ్చడా?

మొన్న మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడి కోడ్ చూస్తున్నాను. స్క్రీను మీద ధరల పట్టిక చక్కగా ఉంది. లోపల చూస్తే ఒక్క టేబుల్ ట్యాగు లేదు, అన్నీ డివ్‌లే. "టేబుల్ వాడొచ్చుగా?" అంటే, "అది పాత చింతకాయ పచ్చడి కదా సార్, వాడకూడదంటారు" అన్నాడు.

తప్పు అతనిది కాదు. సగం మాట చెప్పి వదిలేసిన మాలాంటి సీనియర్లది.

టేబుల్ పుట్టింది వివరాలు వరసల్లో చూపించడానికి. కానీ తొంభైల్లో పేజీని రెండు మూడు నిలువు భాగాలు చెయ్యాలంటే వేరే సులువైన దారి లేదు. దాంతో బోర్డర్ సున్నా పెట్టి, టేబుల్లో టేబుల్, దాన్లో ఇంకో టేబుల్, మధ్యలో ఖాళీల కోసం ఒక్క పిక్సెల్ గిఫ్ బొమ్మ... అలా సైట్లు కట్టేశాం. ఉత్త అమరిక కోసం టేబుల్ వాడొద్దని 1997 డిసెంబరులోనే హెచ్‌టీఎమ్‌ఎల్ 4 చెప్పింది. వింటేగా! 2017లో సీఎస్ఎస్ గ్రిడ్ బ్రౌజర్లలోకి వచ్చాక ఆ సాకు కూడా పోయింది. ఈమెయిల్ టెంప్లేట్ల సంగతి వేరు. విండోస్ ఔట్‌లుక్ 2007లో మెయిల్ చూపించే పని వర్డ్‌కి అప్పగించాక, అక్కడ టేబులే దిక్కయింది.

వద్దన్నది అమరికకి. పట్టికకి కాదు. ఈ తేడా నాకు తెలిసొచ్చింది ఒక బొమ్మ వల్ల.

2008లో మిత్రులం కొందరం రక్తదాతల సైటు ఒకటి చేశాం. మొదటి పేజీలో అప్పటి ఆంధ్రప్రదేశ్ పటం, 23 జిల్లాలు. జిల్లా మీద క్లిక్ చేస్తే అక్కడి దాతల జాబితా. రెండు రాత్రులు కూర్చుని ఒక్కో జిల్లా హద్దు వెంట మౌస్ తిప్పుతూ ఏరియా ట్యాగుల్లోకి అంకెలు ఎక్కించాను. చూసినవాళ్ళంతా భేష్ అన్నారు.

2012లో ఫోన్లలో కూడా పటం పట్టాలని, వెడల్పు నూరు శాతం అని సీఎస్ఎస్‌లో ఒక్క లైను రాశాను. 640 పిక్సెళ్ళ బొమ్మ ఫోన్లో 320కి తగ్గింది. ఏరియాలో రాసిన అంకెలు మాత్రం తగ్గవు! అవి పాత కొలతకే ఉంటాయి. ఒక సాయంత్రం ఫోన్ వచ్చింది. "బాబూ, ఆస్పత్రిలో ఉన్నాం. చిత్తూరు నొక్కితే మహబూబ్‌నగర్ నంబర్లు వస్తున్నాయేంటి?" గబగబా సిస్టం తెరిచి, చిత్తూరు నంబర్లు నోటితో చదివి చెప్పాను. ఆయన గొంతులో కంగారు ఇప్పటికీ గుర్తే.

ఆ రాత్రే ఇంకోటి చూశాను. ఒక్క ఏరియాకీ ఆల్ట్ రాయలేదు. అంటే చూపులేని వాళ్ళ స్క్రీన్ రీడర్‌కి నా 23 జిల్లాలు, 23 పేరులేని లింకులు. రెండు రాత్రులు నేను పడ్డ కష్టమంతా కంటికి కనపడేదాని మీదే.

పటం కింద జిల్లాల పేర్లతో మామూలు లింకులు పెట్టాను. పది నిమిషాల పని! దాతల జాబితాని టేబుల్‌గానే ఉంచి, పై వరసకి టీహెచ్, స్కోప్ రాశాను. అలా రాస్తే స్క్రీన్ రీడర్‌తో ఏ గడిలోకి వెళ్ళినా దాని శీర్షిక కలిపి చదువుతుంది. "రక్తం గ్రూపు, ఓ నెగటివ్" అని. డివ్‌లతో కడితే, రోల్స్ విడిగా రాసుకుంటే తప్ప, ఏ నంబరు ఎవరిదో తెలీని మాటల వరస.

ఇప్పుడైతే అలాంటి పటం ఎస్‌వీజీలో గీస్తాను, బొమ్మతో పాటు లింకులూ కుదించుకుంటాయి. ఆల్ట్ లాంటి పేర్లు రాసే పని మాత్రం అప్పుడూ ఇప్పుడూ మనదే.

నేను చెప్పేదొకటే. ట్యాగు పాతదా కొత్తదా అని కాదు, అది ఏం చెప్పడానికి పుట్టిందో నేర్చుకోండి. కుర్రాడికి ఇదంతా చెప్పాక డివ్‌లు తీసేసి టేబుల్ రాశాడు, కోడ్ సగమైంది.

అన్నట్టు, జ్వరం పడి లేచినవాడికి మా అమ్మ పెట్టే పథ్యం పాత చింతకాయ పచ్చడే.