చందుర్తి యుద్ధము – దాని శేషఫలము

బొబ్బిలి కథ నెఱుగని తెలుగువాడు లేడు. దాని మఱుసటి యేట జరిగిన చందుర్తి యుద్ధము నెఱిగినవారు మాత్రము అరుదు. అయినను తెలుగునేలను రెండు ఏలుబడులుగా చీల్చుటకు దారి తీసినది ఈ రెండవదే యని మా యభిప్రాయము.

1756లో ఐరోపాఖండమున ఆంగ్లేయులకును ఫ్రెంచివారికిని రగిలిన సప్తవర్ష సంగ్రామము మన సర్కారుసీమకును ప్రాకెను. 1757 జనవరిలో విజయనగర ప్రభువు విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటగొని బొబ్బిలిని నాశన మొనర్చి, తాండ్ర పాపారాయుని చేత హతుడయ్యెను. ఆయన వారసుడు ఆనందగజపతి, నిన్నటి మిత్రులగు ఫ్రెంచివారిని వెడలగొట్టుటకు ఆంగ్లేయులను పిలిచెను. క్లైవు వంగదేశమునుండి కర్నల్ ఫోర్డును పంపెను. 1758 డిసెంబరులో పిఠాపురమునకు చేరువనున్న చందుర్తికడ ఫోర్డు ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్సును ఓడించెను. ఎఱ్ఱకోటులు తొడిగిన దేశీయ సిపాయీలను ఆంగ్లేయదళమని భ్రమించి ఫ్రెంచివారు వారిపై బడిరి. పైరుచాటున నున్న ఆంగ్లేయదళము అంతట వెలువడి జయము గొనెను. దెబ్బ తిన్నది మనవారు, గెలిచినది పరులు.

1759 ఏప్రిలులో మచిలీపట్టణము ఆంగ్లేయుల వశమయ్యెను. 1765 నాటి మొగలు పాదుషా ఫర్మానుతోను, 1766లో నిజాము అలీఖానుతో జరిగిన సంధితోను సర్కారులు కుంఫిణీ పాలయ్యెను. ఆ నేల దున్నువారి సమ్మతి నడిగిన వాడొక్కడును లేడు! నాటినుండి గోదావరి కెగువ నిజాము, దిగువ ఆంగ్లేయుడు. పన్నుల పద్ధతి వేఱు, కచేరీ భాష వేఱు, బడిచదువు వేఱు. 1956లో కలిసి 2014లో మరల వేఱగుటకు కారణములు పెక్కు గలవు. ఈ దీర్ఘమైన యెడబాటు వానిలో నొకటి.

రామగుండము, గోదావరిఖని వాసులకు ఈ గాథతో పనియేమని కొందఱడుగవచ్చును. పని గలదు. సింగరేణి బొగ్గుపై తొలి హక్కు నందినది 1886లో ఇంగ్లండున స్థాపితమైన యొక కుంఫిణీ. ఆ హక్కు నిచ్చునపుడును ఊరివారి నడిగినవారు లేరు. నేడా సంస్థలో రాష్ట్రమునకు నూటికి 51, కేంద్రమునకు 49 వంతుల భాగము గలదు; పరప్రభుత్వము పోయినది. గని విస్తరణకు ముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ జరుపవలెనని చట్టమును గలదు. చందుర్తి రైతునకు లేని నోరు మనకు గలిగినది. ఆ సభలో కుర్చీలు ఖాళీగా నున్నచో, ఇక మన తరఫున మాటాడువా రెవ్వరు? అడుగనినాడు తప్పు పాలకులది. అడిగినను పలుకనినాడు తప్పు మనది. పఠనమందిరములలోని సోదరులు దీనిని యోచింతురు గాక!