మాయకు పునాది పడేది మూడో నెలలోపే

తెలుగు ఇళ్లలో కడుపు పండిన కబురు మూడో నెల వెళ్లేదాకా గడప దాటదు. దిష్టి తగులుతుందన్న భయం ఒకటి, నిలుస్తుందో లేదోనన్న బెంగ మరొకటి. ప్రభుత్వ పథకమూ ఒక రకంగా ఆ లెక్కనే నడుస్తోంది. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన డాక్టర్లు చేసే ఉచిత పరీక్షలు నాలుగో నెల నిండుతున్నవారి నుంచి మొదలవుతాయి. పన్నెండు వారాల్లోపు పేరు నమోదు చేయించుకోమని చెబుతున్న మాట నిజమే. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తొలి మూడు నెలల్లో పరీక్ష చేయించుకున్న తల్లులు దేశంలో 70 శాతమే. మిగతావారు డాక్టరు కంట పడేసరికి మాయ తయారీలో కీలక ఘట్టం దాటిపోతోంది.

కాన్పయ్యాక బయటపడే మాయను దగ్గరగా చూస్తే దాని పనితనం తెలుస్తుంది. సుమారు అర కిలో బరువు, జానెడు వెడల్పు. తల్లివైపు ముదురెరుపు ముద్దలు, బిడ్డవైపు నున్నగా మెరిసే పొర. బొడ్డుతాడు అతికిన చోటు నుంచి రక్తనాళాలు చెట్టు వేళ్లలా నలుదిక్కులా పాకి ఉంటాయి. బిడ్డకు కడుపులో ఉన్నన్నాళ్లూ ఊపిరితిత్తి, పేగు, మూత్రపిండం అన్నీ అదే. పని అయిపోగానే ఆస్పత్రి పసుపు సంచిలోకి పోతుంది.

ఆ మాయలో ప్రధాన భాగం ట్రోఫోబ్లాస్ట్ మూలకణాల నుంచి పుడుతుంది. వాటికి మొదట్లో ఆక్సిజన్ తక్కువగానే ఉండాలి. బయటి గాలిలో ఆక్సిజన్ 21 శాతం. ఎనిమిదో వారంలో మాయ చుట్టూ ఉండేది రెండు మూడు శాతమే. ఇది లోపం కాదు, ప్రకృతి ఏర్పాటు. గర్భాశయ ధమనుల కొసలను ఆ కణాలే గుంపుగా చేరి మూసి ఉంచుతాయి. అందాకా పిండానికి ఆహారం గర్భాశయ గ్రంథుల స్రావాల నుంచి అందుతుంది. తర్వాత అడ్డు మెల్లగా తొలగి, పన్నెండో వారానికి ఆక్సిజన్ రెండు మూడు రెట్లవుతుంది. 1997లో ఓల్గా గెన్‌బాచెవ్, సుసాన్ ఫిషర్ బృందం తొలి నెలల మాయ కణజాలాన్ని 2 శాతం, 20 శాతం ఆక్సిజన్‌లో పెంచి చూసింది. తక్కువ ఆక్సిజన్‌లో కణాలు విభజన చెందుతూ పోయాయి. ఎక్కువలో విభజన ఆపి, తల్లి రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయే రూపం దాల్చాయి.

ఈ మార్పు వెనుక జన్యువుల మీద పడే రసాయన గుర్తులున్నాయి. జన్యువు మారదు, అది పనిచేయాలా వద్దా అన్నది ఆ గుర్తులను బట్టి ఉంటుంది. ఈఎల్ఎఫ్5 అనే జన్యువు మీద మిథైల్ గుర్తు లేకపోతే కణం మాయ దారి పడుతుంది, ఉంటే పిండం దారి. 2008లో ఎలుక కణాల్లో ఇది తేలింది. డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రొటీన్ల మీదా ఇలాంటి గుర్తులుంటాయి. వాటిని చెరిపే ఎంజైముల్లో చాలావాటికి ఆక్సిజన్ కావాలి. కేడీఎం5ఏ, కేడీఎం6ఏ అనే రెండు ఎంజైములు ఆక్సిజన్ తగ్గడాన్ని నేరుగా పసిగడతాయని 2019లో రెండు బృందాలు చూపించాయి.

తొలి వారాల గుర్తులు ఎన్నాళ్లు నిలుస్తాయో నెదర్లాండ్స్ చెప్పింది. 1944-45 చలికాలపు కరవులో కడుపున పడినవారి రక్తాన్ని అరవై ఏళ్ల తర్వాత పరీక్షిస్తే, ఐజీఎఫ్2 అనే ఎదుగుదల జన్యువు మీద మిథైల్ గుర్తులు తోబుట్టువులకన్నా తక్కువగా ఉన్నాయి. తల్లి నిండు నెలల్లో కరవు చూసినవారిలో ఆ తేడా కనిపించలేదు.

మాయ కణాలు తల్లి ధమనుల్లోకి సరిగా చొరబడక, అవి తగినంత వెడల్పు కాకపోతే ఆ ఫలితం ఐదో నెల దాటాక బయటపడుతుంది. బీపీ 140/90కి చేరుతుంది, మూత్రంలో ప్రొటీన్ పోతుంది, ముదిరితే ఫిట్స్. డాక్టర్లు ప్రీఎక్లాంప్సియా అనేది, పల్లెల్లో గుర్రపువాతం అనేది దీన్నే. మాయ నుంచి ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ1 అనే ప్రొటీన్ అతిగా తల్లి రక్తంలో చేరి నాళాలను దెబ్బతీస్తుందని 2003లో అనంత్ కరుమంచి బృందం బోస్టన్‌లో కనిపెట్టింది. వాతం కనబడ్డాక కాన్పు చేయడం తప్ప పూర్తి విరుగుడు లేదు. ముందే ఆపే మందు మాత్రం చాలా చవక. 2017లో వెలువడిన ఆస్ప్రే పరీక్షలో ముప్పు ఎక్కువున్న గర్భిణులకు 11-14 వారాల నుంచి రోజూ 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చారు. 37 వారాల్లోపు వచ్చే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి పడిపోయింది. 16 వారాల్లోపు మొదలుపెట్టడమే మేలని వైద్యుల సలహా. డాక్టరు చెప్పనిదే ఎవరూ సొంతంగా వేసుకోరాదు.

అందుకే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆరోగ్య శాఖలు 9వ తేదీ పరీక్షలను తొలి మూడు నెలల గర్భిణులకూ తెరవాలి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి బీపీ చూడాలి, రక్తం, షుగరు పరీక్షించాలి, పాత కాన్పు వివరాలు రాయాలి. ముప్పున్నవారికి ఇచ్చే ఆస్పిరిన్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దొరకాలి. తొలి మూడు నెలల్లో నిలవని గర్భాలు చాలా ఉంటాయి, అంత ముందుగా నమోదెందుకని కొందరంటారు. గర్భం పోయిన తల్లికీ ఆదరణ అవసరమే. పేరు రాసుకోకపోతే ఆమె బాధ లెక్కలోకే రాదు.

పరిశోధనకూ డబ్బు కావాలి. మనిషి మాయ మూలకణాలను 2018లో జపాన్‌లోని తోహోకు విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు తొలిసారి ప్రయోగశాలలో నిలకడగా పెంచారు. ఇంకా చాలాచోట్ల కణాలను మామూలు గాలిలోనే పెంచుతున్నారు. కడుపులోని పరిస్థితి అది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే దేశంలోని గర్భిణుల్లో 52 శాతం మందికి, రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గించే రక్తహీనత ఉందని తేలింది. అది మాయ మీద ఏ గుర్తులు వేస్తోందో తేల్చాల్సిన బాధ్యత ఇక్కడి వైద్య కళాశాలలదే. వాటికి ఆక్సిజన్ తగ్గించి కణాలు పెంచే ఇంక్యుబేటర్లు ఇవ్వాలి.

ఇక ఇంటి పెద్దలకు. ఊరికి చెప్పడం మూడో నెల తర్వాతే కానివ్వండి, తప్పు లేదు. ఆశా కార్యకర్తకు మాత్రం నెల తప్పిన వెంటనే చెప్పండి. కోడలు వండే చోట పొగ లేకుండా చూడండి, ఇంట్లో బీడీ, సిగరెట్ వెలిగించనివ్వకండి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. పోయిన కాన్పులో బీపీ వచ్చినా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ బరువు తక్కువగా పుట్టినా డాక్టరు అడిగేదాకా ఆగకుండా చెప్పండి, అప్పటి డిశ్చార్జి కాగితం వెంట తీసుకెళ్లండి.