ఆడటానికి ఒప్పుకుంది, అంతవరకే!

సంక్రాంతి ఉత్సవ కమిటీలకూ, చందాలిచ్చే ప్రతి ఇంటికీ...

పగలు బరుల దగ్గర కోళ్లు, గుండాట. రాత్రయితే రికార్డింగ్ డాన్స్. గోదావరి జిల్లాల్లో ఇది ఎవరికీ కొత్త కాదు. పోలీసులు ఏటా వద్దంటారు, పెద్దల అండతో ఏటా స్టేజీ లేస్తుంది. ఆ తంతు సంగతి అలా ఉంచండి. ఆ స్టేజీ మీద ఆడే ఆడవాళ్ల గురించీ, వాళ్ల మీదికి లేచే సెల్‌ఫోన్ల గురించీ ఈ కరపత్రం.

ఓసారి స్టేజీ వెనక్కి వెళ్లి చూడండి. వ్యానుకీ కరెంటు స్తంభానికీ మధ్య ఓ పాత చీర కట్టి ఉంటుంది. వాళ్లు బట్టలు మార్చుకునే గది అదే. ఆ చీర పైనుంచి చేతులు చాచి ఫోన్లు పెట్టే కుర్రాళ్లు ఎక్కడినుంచో ఊడిపడ్డవాళ్లు కారు, మన పిల్లలే. ముందువైపు, రాత్రి ముదిరేకొద్దీ తాగినవాడొకడు నోటు పళ్లతో పట్టుకుని పైకెక్కుతాడు, నోటితోనే అందుకోమంటాడు. కింద నుంచి "విప్పు" అని కేకలు. ఆమె మేనేజరు వైపు చూస్తుంది. మేనేజరు కమిటీవాళ్ల వైపు చూస్తాడు. మిగతా డబ్బు ఇంకా చేతికి రాలేదు మరి! అప్పుడు ఆమె ఏం చేసినా అది ఇష్టపడి చేసిందేనా? తెల్లారేసరికి ఆ ముక్క యూట్యూబులో ఉంటుంది, మన ఊరి పేరుతో సహా.

"ఇష్టం లేనిదే ఈ పనికెందుకు వస్తారండీ?" అంటారు. పాటకు ఆడటానికి వచ్చింది. ఎవడో వచ్చి నడుం మీద చెయ్యి వేయడానికి కాదు. ఆ రాత్రి ఎదురుగా కూర్చున్నవాళ్ల ముందు ఆడటానికి ఒప్పుకుంది, తన కూతురు చదివే బడిలో పిల్లల ఫోన్లలో తిరగడానికి కాదు. భోగంమేళాల రోజుల నుంచీ చూసినవాడి పరువు భద్రంగానే ఉంది, ఆడినామెకే లేకుండా పోయింది.

చట్టం మాత్రం మనకన్నా ముందు నడిచింది. చాటున ఉన్న ఆడదాన్ని ఫోటో తీస్తే నేరమని, ఆమె తీయనిచ్చినా పంచడానికి ఒప్పుకోకపోతే పంచినవాడిదీ నేరమేనని నిర్భయ ఘటన తర్వాత 2013లో రాసుకున్నాం. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్. మొదటిసారి దొరికినా ఏడాది నుంచి మూడేళ్లు. చీర మీదుగా ఫోన్ పెట్టే తమ్ముళ్లు ఇది రెండుసార్లు చదవండి. బలవంతంగా బట్టలు విప్పించబోతే 76వ సెక్షన్ కింద మూడు నుంచి ఏడేళ్లు. అశ్లీల నృత్యానికి పడే శిక్షో, మహా అయితే మూడు నెలలు. అయినా గొడవ జరిగితే మన ఊళ్లలో ముందు పోలీసు జీపెక్కేది ఆ ఆడవాళ్లే.

ఆపేస్తే పోలా అంటారు కొందరు. ఊరి మధ్య వద్దంటే తోటల్లోకి పోతుంది. అక్కడ లైట్లు తక్కువ, తాగుడు ఎక్కువ, ఆదుకునే నాథుడుండడు. మహారాష్ట్రలో డాన్స్ బార్ల కేసులో 2019లో సుప్రీంకోర్టు ఆట మానమనలేదు. నోట్లు వెదజల్లడం మాత్రం కూడదంది. అక్కడ సీసీ కెమెరాలు తప్పనిసరి చేయడమూ చెల్లదంది, అది మనుషుల గోప్యతకు భంగమని. పోలీసుల కోసం పెట్టే కెమెరాకే ఒప్పుకోనప్పుడు, మనోడి ఫోన్‌కి హక్కెక్కడిది?

కాబట్టి కమిటీలను మేం అడిగేది ఇదీ. బేరం కాగితం మీద రాయండి: ఎన్ని పాటలు, ఎంత డబ్బు, ఎన్నింటికి ఆపాలి. డబ్బు మొత్తం ఆట మొదలవకముందే ఇచ్చేయండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. మిగతా బాకీ కమిటీ జేబులో ఉన్నంతసేపూ ఆమె కాదనలేదు. బట్టలు మార్చుకోవడానికి తలుపూ గడియా ఉన్న గది, బడిదో పంచాయతీదో చూపించండి. స్టేజీ ఎవరూ ఎక్కకుండా కర్ర కట్టండి. వీడియో తీయొద్దని మైకులో చెప్పండి, తీసినవాడి చేత అక్కడే తీసేయించండి. జనంలో నిలబడ్డ మన ఆడపిల్లల మీద చేతులేసేవాళ్లనూ వదలొద్దు: పండగ రద్దీ అని సర్దిచెప్పకుండా 112కి ఫోన్ చేయండి.

ఒక మాట డాన్సర్లకు. అమ్మా, ఆ స్టేజీ మీరు పనిచేసే చోటు. పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం అసంఘటిత రంగానికీ వర్తిస్తుంది. దాని కింద ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. వేధించింది మీ మేనేజరే అయినా మూడు నెలల్లోపు అక్కడ ఫిర్యాదు ఇవ్వొచ్చు.

ఇక ఊరివాళ్లకు. ఈసారి చందా పుస్తకం పట్టుకుని కమిటీవాళ్లు మీ గుమ్మంలోకి వస్తే ఈ కాగితం చేతిలో పెట్టండి. పై షరతులకు ఒప్పుకుంటున్నామని వెనకవైపు సంతకం చేశాకే మీ పేరూ, అంకే రాయించండి.