చేత్తో తిప్పితే తిరుగుతుంది, సరే!
(ఫైనల్ ఇయర్, మెకానికల్)

రోటర్ బ్యాలెన్సింగ్ లెక్కకు పోయిన సంవత్సరం పరీక్షలో నాకు పదహారుకి పద్నాలుగు మార్కులొచ్చాయి. ఆ వేసవి సెలవుల్లోనే మా మేనమామ లారీ టర్బో ముందు సున్నా వచ్చింది. ఈ నాలుగు మాటలూ ఆ సున్నా గురించే.

మామయ్యకున్నది ఒక్కటే లారీ. అదీ ఫైనాన్సు మీద కొన్నది. డ్రైవరూ తనే, ఓనరూ తనే. టర్బో ఆయిలు తాగుతోందని, నీలిపొగ వస్తోందని షెడ్డుకి తీసుకెళితే నేనూ వెంట వెళ్ళాను. మెకానిక్ పనిమంతుడు. టర్బో విప్పి, కడిగి, కొత్త బుష్‌లు, సీళ్ళు వేశాడు. రెక్కలు చిట్లిపోయాయని గాలి వైపు చక్రం కూడా మార్చాడు. "బ్యాలెన్సింగ్ చేయించక్కర్లేదా?" అన్నాను నసుగుతూ.

"ఏం బాబూ, కాలేజీలో చదువుతున్నావా? చక్రాలు కంపెనీలోనే బ్యాలెన్సు చేసి పంపుతారు. మళ్ళీ మనం చేసేదేముంది? ఇదుగో చూడు" అని వేలితో తిప్పాడు. గిర్రున తిరిగింది. మామయ్య నా వైపు చూసి, "ఏమంటావురా అల్లుడూ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. "సరే మామయ్యా" అన్నాను.

ఏడో వారంలో లోడు మీద ఉండగా టర్బో పోయింది. విప్పి చూస్తే ఆయిలు పైపు శుభ్రంగానే ఉంది. బుష్ చుట్టూతా అరిగింది, షాఫ్టు మాత్రం ఒక్క వైపే అరిగింది. బరువు ఒక పక్కకు ఎక్కువైతే ఆ బరువు షాఫ్టుతో పాటే తిరుగుతుంది. కనుక షాఫ్టులో ఎప్పుడూ ఒకే వైపు బుష్‌ని ఒరుసుకుంటుంది. ఈ సంగతి నేను చదివిందే. షెడ్డులో నోటికి రాలేదు, అంతే.

ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు చెబుతాను. మెకానిక్ అన్నదాంట్లో సగం నిజం. చక్రాలు విడివిడిగా బ్యాలెన్సు అయ్యే వస్తాయి. కాని అవి తిరిగేది విడివిడిగా కాదు. చక్రం రంధ్రానికీ షాఫ్టుకీ మధ్య ఉన్న సందు, నట్టు ముఖంలో ఉన్న వంకర, బిగింపులో షాఫ్టు వంగే రవ్వంత వంపు, ఇవన్నీ కలిపి బిగించాకే పుడతాయి. తిరిగే భాగం అరకిలో ఉందనుకుందాం. దాని బరువు కేంద్రం రెండు మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా కాదు, పక్కకి జరిగితే ఒక గ్రాము-మిల్లీమీటరు తేడా వచ్చినట్టు. నిమిషానికి వెయ్యి చుట్లప్పుడు ఆ తేడా లాగే బలం సుమారు ఒక గ్రాము బరువంత. అదే లక్ష చుట్లప్పుడు పదకొండు కిలోల బరువంత! వేగం నూరు రెట్లయితే బలం పదివేల రెట్లవుతుంది. చిన్న కార్ల టర్బోలు రెండు లక్షలు కూడా దాటుతాయి. వేలితో తిప్పి చూడడమంటే పల్లకీ మోసి విమానాన్ని పరీక్షించినట్టే.

అయితే ప్రతి టర్బోకీ తప్పనిసరా? మొండిగా వాదించను. చక్రాలు మార్చకుండా, విప్పే ముందు షాఫ్టుకీ, చక్రానికీ, నట్టుకీ గుర్తులు పెట్టుకొని, బుష్‌లు, సీళ్ళు మాత్రం మార్చి, గుర్తుకు గుర్తు కలిపి బిగిస్తే బాగానే నడిచినవి ఉన్నాయి. చక్రం మార్చినా, రెక్కకు ఆకురాయి తగిలినా, గుర్తు తప్పినా మాత్రం బ్యాలెన్సింగ్ లేకుండా బండికి ఎక్కించకూడదు. ముందు విడిభాగాలు తక్కువ వేగంలో, తర్వాత కోరు మొత్తం ఆయిలు ప్రెషరు మీద అసలు వేగానికి దగ్గరగా తిప్పి చూడాలి. నా మట్టుకు నేను, మొదటి రకానికి కూడా ఆ రెండో పరీక్ష చేయించమనే అంటాను. ఆ ఖర్చు ఒక ట్రిప్పు పోగొట్టుకున్న నష్టం ముందు ఎంత?

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. బ్యాలెన్సింగ్ సర్వరోగ నివారిణి కాదు. మురికి ఆయిలు, మూసుకుపోయిన ఆయిలు పైపు, లోడు మీద వచ్చి వచ్చీరాగానే ఇంజను ఆపెయ్యడం, ఇవి ఎంత చక్కగా బ్యాలెన్సు చేసిన టర్బోనైనా చంపుతాయి.

స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి టర్బోకి పేటెంటు తీసుకున్నది 1905లో. మన దేశంలో 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక రోడ్డెక్కే కొత్త డీజిల్ లారీ అంటే టర్బో ఉన్నదే. రేపు అవన్నీ షెడ్డులకు రావలసినవే. మన డైనమిక్స్ ల్యాబులో మాత్రం నాలుగు దిమ్మెలు బిగించి, నిదానంగా తిప్పి, రికార్డులో సంతకం పెట్టించుకుని బయటపడుతున్నాం. ఆ ల్యాబుకీ ఆ షెడ్డుకీ మధ్య దారి ఎవరు వెయ్యాలి?

నా సూచనలు రెండే. బాగుచేసిన టర్బో బిల్లు మీద "బ్యాలెన్సు చేశాం" లేక "చేయలేదు" అని రాసి ఇచ్చే అలవాటు రావాలి. అడిగితే గాని రాదు, కాబట్టి లారీ ఓనర్లు అడగాలి. రెండోది, మన డిపార్టుమెంటు ఏడాదికొకసారైనా మెకానిక్కులను ల్యాబుకి పిలవాలి, మనమూ షెడ్డులకి వెళ్ళాలి. వాళ్ళ చేతికి తెలిసింది మన పుస్తకానికి తెలియదు. మన పుస్తకానికి తెలిసింది వాళ్ళకి చెప్పిన నాథుడు లేడు.

మామయ్య నన్ను ఒక్క మాటా అనలేదు. రెండు కిస్తీలు ఆలస్యమయ్యాయని అత్తయ్య చెబితే తెలిసింది. ఆ పద్నాలుగు మార్కులు ఇప్పుడు చూసుకోవాలంటే సిగ్గుగా ఉంది.