కిస్తీ తప్పితే వీధిలో నిలబెట్టే హక్కు ఎవరికీ లేదు

గ్రూపు లోను ఇచ్చేటప్పుడు “తాకట్టు ఏమీ అక్కర్లేదమ్మా” అంటారు. అంతకంటే పెద్ద అబద్ధం లేదు. తాకట్టు ఉంది. బంగారం కాదు, పొలం కాగితాలు కాదు, మన పరువు. ఆడవాళ్ళు నిజాయితీగా కడతారు కాబట్టి ఆడవాళ్ళకే ఇస్తున్నాం అని పొగుడుతారు గానీ, అసలు సంగతి వేరు. గడప ముందు ఎవరైనా గొంతు పెంచితే నలుగురూ వింటారని మనం భయపడతాం. ఆ భయమే వాళ్ళకి హామీ పత్రం.

ఇది కొత్త కథ కాదు. 2010లో మన ఉమ్మడి రాష్ట్రంలో ఈ వసూళ్ళ ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగాయని వార్తలు వస్తే, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూలు పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ స్థలంలోనే జరగాలని, వడ్డీ అసలును మించకూడదని అందులో రాశారు. అంటే ప్రాణాలు పోయాకే ఇంటి గడపకి విలువ వచ్చిందన్నమాట.

ఇప్పుడు రిజర్వు బ్యాంకు రూల్సే ఉన్నాయి. మైక్రోఫైనాన్స్ అప్పులకి 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నవి ఇవి. వసూలు ఇద్దరూ ఒప్పుకున్న చోటే జరగాలి. వరసగా రెండుసార్లో అంతకంటే ఎక్కువసార్లో అక్కడికి రాకపోతేనే ఇంటికి గానీ పనిచేసే చోటికి గానీ రావచ్చు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. బూతులు తిట్టకూడదు, బెదిరించకూడదు. చుట్టాలనీ, స్నేహితులనీ, తోటి పనివాళ్ళనీ వేధించకూడదు. బాకీదారుల పేర్లు బయటపెట్టకూడదు. లోను కార్డు మనకి అర్థమయ్యే భాషలో ఉండాలి, ఫిర్యాదు ఎవరికి చేయాలో దాని మీదే ఉండాలి. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన డిజిటల్ అప్పుల రూల్స్ ప్రకారం లోన్ యాప్‌లు మన ఫోన్‌లోని కాంటాక్టులు, ఫోటోలు ముట్టుకోకూడదు.

ఇంకో మాట ఎంతమందికి తెలుసు? 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో, కోర్టు డిక్రీ ఇచ్చినా జప్తు చేయకూడని వస్తువులు రాసి ఉన్నాయి. కట్టుకునే బట్టలు, వంటపాత్రలు, పక్కబట్టలు, ఆచారం ప్రకారం ఆడమనిషి ఒంటి మీంచి తీయకూడని నగలు. జడ్జిగారే ముట్టుకోలేని గిన్నెల మీద, పుస్తెల మీద చెయ్యి వేయడానికి కిస్తీ వసూలుకి వచ్చినవాడెవడు?

“అప్పు చేసి పప్పుకూడు తిన్నప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు” అనేవాళ్ళు మనలోనే ఉన్నారు. తీసుకున్నది కట్టాల్సిందే, కాదని ఎవరూ అనడం లేదు. కట్టకపోతే నోటీసు ఇవ్వమనండి, కోర్టుకి వెళ్ళమనండి. అప్పిచ్చినవాడికి అప్పు మీద హక్కు ఉంటుంది, మనిషి మీద ఉండదు. బ్యాంకులు వసూలుకి గూండాలని పంపకూడదని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. పైగా ఆ పప్పుకూడు ఎవరు తిన్నారు? చాలా ఇళ్ళలో లోను ఆవిడ పేరు మీద, డబ్బు ఆయన చేతిలో. తిట్లు మాత్రం సంతకం పెట్టినావిడకి.

ఇక నాకు నిజంగా మండేది ఇక్కడ. ఈ రూల్స్ అన్నీ కంపెనీ ఉద్యోగులకీ, ఏజెంట్లకీ. గ్రూపు లోనులో ఆ పని చేసేది మనమే. “ఆవిడ కట్టేదాకా మీరెవరూ మీటింగులోంచి కదలకూడదు” అని సారు కుర్చీలో కూర్చుంటాడు. లేచి ఆవిడ ఇంటి ముందుకెళ్ళి అరిచేది పక్కింటి అక్క, ఎదురింటి వదిన. సారు నోటితో ఒక్క మాట అనలేదు, కాబట్టి ఏ రూలూ తప్పలేదు! జీతం లేకుండా, పేరు లేకుండా, ఏ నిబంధనా అంటకుండా మనల్ని వసూలు ఏజెంట్లుగా వాడుకుంటున్నారు. నిన్నటిదాకా పెరుగు తోడు అడిగిన గుమ్మం ముందే నిలబడి శాపనార్థాలు పెట్టిస్తున్నారు. రిజర్వు బ్యాంకు పెద్దలు రాయాల్సిన రూలు ఇంకొకటి మిగిలి ఉంది: తోటి సభ్యుల చేత ఒత్తిడి చేయించడం కూడా వేధింపే అని.

వాళ్ళు రాసేదాకా ఆగక్కర్లేదు. ఆ గుమ్మం ముందుకి వెళ్ళం అని మనం చెప్పవచ్చు. “వసూలు మీ ఉద్యోగం, మాది కాదు” అంటే చాలు. ఒక్కరంటే గయ్యాళి అంటారు. పదిమందీ అంటే మీటింగు ముగుస్తుంది.

బెదిరింపు ఎదురైతే తారీఖు, టైము, మనిషి పేరు రాసి పెట్టుకోండి, ఫోన్ మాటలు రికార్డు చేయండి. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్ళవచ్చు, పైసా ఖర్చు లేదు. వివరాలకి 14448కి ఫోన్ చేయండి. యాప్‌వాడు ఫోటోలు మార్చి పంపిస్తానంటే 1930 సైబర్ నంబరు. ఇంటి మీదకొస్తే పోలీసులు.

కట్టాల్సింది కడదాం. కానీ ఏ ఆడపిల్లా కిస్తీ కోసం పురుగుల మందు డబ్బా వైపు చూడకూడదు. ఆ పిల్ల అలా చూడటానికి కారణమైన కేకల్లో మన గొంతు ఉండకూడదు.