పాత ట్రాక్టరుకు ఇంజను మార్పిడి: తొందరపడితే తిప్పలే

తొలకరి పడుతుంది. ప్రకాశం బ్యారేజి నుంచి కాలువలకు నీళ్లు వదులుతున్నారన్న కబురు ఊళ్లోకి వస్తుంది. నారుమడి దున్నాలి, దమ్ము చేయాలి. సరిగ్గా అప్పుడే చావిట్లో ఉన్న పాత ట్రాక్టరు మొరాయిస్తుంది. నలుగురు నెడితే గాని స్టార్టు కాదు. స్టార్టయితే నీలం పొగ. పొద్దున పోసిన ఆయిలు సాయంత్రానికి ఉండదు. కృష్ణా డెల్టా గ్రామాల్లో ఏటా చూసే తంతే ఇది.

మేస్త్రీ వస్తాడు. బానెట్ ఎత్తి చూస్తాడు. "బాబాయ్, దీన్ని విప్పితే ఖర్చు ఎక్కడ తేలుతుందో చెప్పలేను. ఆటోనగర్లో రన్నింగ్ ఇంజను ఒకటి ఉంది. రెండు రోజుల్లో ఎక్కించేద్దాం" అంటాడు. బాబాయికి కాళ్లూ చేతులూ ఆడవు. ఒకపక్క నీళ్లు వచ్చేస్తున్నాయి. మరోపక్క కౌలు, విత్తనాలు, ఎరువుల అప్పు. ఇంట్లో ఇల్లాలి మెడలోని గొలుసు బ్యాంకుకు వెళుతుంది. లారీ మీద ఇంజను వస్తుంది. అది ఎవరి ట్రాక్టరుదో, ఎన్ని గంటలు తిరిగిందో, ఎందుకు దించారో అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

ఆ రెండు రోజుల తొందర రెండేళ్ల అప్పుగా మారిన ఇళ్లు ఉన్నాయి. కనుక ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. ఇంజను దిమ్మ బాగున్నంతవరకు పాత ఇంజనును పూర్తిగా బాగు చేయించుకోవడమే చిన్న రైతుకు మేలు. మార్పిడి చివరి దారి కావాలి గాని మొదటి దారి కాకూడదు.

ముందు జబ్బు తేలాలి

జ్వరం వచ్చిన ప్రతివాడికీ ఆపరేషను చేయరు. పొగ వచ్చిన ప్రతి ఇంజనూ అరిగిపోయినట్టు కాదు. నల్లపొగ వస్తే డీజిలు ఎక్కువై, గాలి తక్కువైందని అర్థం. ఎయిర్ క్లీనరు మూసుకుపోయినా, నాజిలు పాడైనా, పంపు సరిగా లేకపోయినా ఆ పొగే వస్తుంది. వాటిని సరిచేస్తే తీరిపోయే బాధకు ఇంజను విప్పనక్కరలేదు. తెల్లపొగ ఆగకుండా వస్తుంటే డీజిలు సరిగా మండకపోవచ్చు, లేదా నీరు సిలిండరులోకి చేరుతూ ఉండవచ్చు. ఆయిలు పాల రంగులోకి మారినా, రేడియేటరులో బుడగలు లేచినా హెడ్ గాస్కెట్ మీద అనుమానపడాలి.

నీలం పొగ అయితే ఆయిలు మండుతోందన్నమాట. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీసి చూడాలి. అక్కడి నుంచి పొగ బుస్సుబుస్సుమని తన్నుకొస్తే రింగులు, లైనర్లు అరిగినట్టే. అప్పుడైనా నాజిలు తీసి కంప్రెషన్ గేజీ పెట్టి ఒక్కో సిలిండరునూ చూడమని అడగాలి. ఈ పరీక్షకు పట్టేది ఒక పూట. ఆ పూట ఆగలేక వేలకు వేలు పోసేవారే ఎక్కువ.

బాగు చేయించడమంటే పూర్తిగానే

మన జిల్లాలో పాత ట్రాక్టర్లు ఎక్కువగా సాదాసీదా ఇంజన్లవి. రైతులు మెస్సీ అని పిలుచుకునే 35 గుర్రాల బండినే చూడండి. 1960లో మద్రాసులో మొదలైన టాఫే కంపెనీ తెచ్చిన ఈ బండికి పెర్కిన్స్ నమూనా మూడు సిలిండర్ల ఇంజను ఉంటుంది. ఇలాంటి ఇంజన్లను విప్పి బాగు చేసుకునేలాగే తయారు చేశారు. లైనరు అరిగితే లైనరు మారుతుంది. పిస్టను అరిగితే పిస్టను మారుతుంది. దిమ్మ పగలనంతకాలం అది ముసలిది కాదు.

చిక్కల్లా సగం పనితోనే. "ఈ సీజనుకు రింగులు వేసి గట్టెక్కిద్దాం" అన్న మాట రైతుకు చవగ్గా వినిపిస్తుంది. కాని లైనరు పైన ఒక కొలత, కింద ఒక కొలత ఉన్నప్పుడు, గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డు ఆకారానికి తిరిగినప్పుడు కొత్త రింగు ఎక్కడ ఆనుతుంది? దాళ్వా నాటికి మళ్లీ అదే పొగ. ఒకే పనికి రెండుసార్లు కూలి.

పూర్తి పని అంటే లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్చాలి. క్రాంకును కొలిపించి అవసరమైతే గ్రైండింగ్ చేయించాలి. కొత్త బేరింగులు వేయాలి. హెడ్డులో వాల్వు సీట్లు, గైడ్లు సరిచేయాలి. ఆయిలు పంపు చూడాలి. నాజిళ్లు, డీజిలు పంపు పరీక్ష చేయించాలి. హెడ్డు బోల్టులను చేతి అంచనాతో కాక టార్కు స్పానరుతో బిగించాలి. తర్వాత మొదటి 50 గంటలు బరువు పనులు పెట్టకుండా నడిపి ఆయిలు మార్చాలి. కొత్త పిస్టన్లు వేయించిన మర్నాడే దమ్ము చక్రాలు తగిలించి బురదలోకి దించితే తప్పు మేస్త్రీది కాదు.

దిమ్మ మారదు గనుక ఇంజను నంబరు కూడా మారదు. ఆర్.సి. పుస్తకంతో పేచీ లేదు. ఇది చిన్న లాభమేమీ కాదు.

మార్పిడిలో మెలికలు

ఇంజను మార్పిడి ఈ నేలకు కొత్త కాదు. 1973 తర్వాత పెట్రోలు ధర మండిపోయినప్పుడు ఎందరో టాక్సీవాళ్లు అంబాసిడరు కార్లకు, జీపులకు డీజిలు ఇంజన్లు ఎక్కించుకున్నారు. వాటిలో కొన్ని బాగానే తిరిగాయి, చాలావాటికి గేరుబాక్సులు విరిగాయి. ఆ అంబాసిడరు తయారుచేసిన కంపెనీయే 1992లో ఇసుజు వారి 1.8 లీటర్ల ఇంజను పెట్టినప్పుడు పాత గేరుబాక్సును అలాగే ఉంచలేదు. అయిదు గేర్ల పెట్టెను కూడా జతచేసింది. కారు తయారీ 2014లో ఆగిపోయింది గాని అది నేర్పిన పాఠం ఆగలేదు. ఇంజను ఒంటరిది కాదు. వెనకాల క్లచ్చు, గేర్లు, క్రౌను, బ్రేకులు అన్నీ దాని బలానికి తూగాలి.

ట్రాక్టరులో ఈ ముడి మరీ గట్టిది. కారులో ఇంజను ఛాసిస్ మీద కూర్చుంటుంది. చాలా ట్రాక్టర్లలో ఇంజను దిమ్మే ఛాసిస్. ముందు ఇరుసు దానికే వేలాడుతుంది, వెనక క్లచ్చు హౌసింగు దానికే బిగుస్తుంది. వేరే కంపెనీ ఇంజను పెట్టాలంటే మధ్యలో ప్లేటు కోయించాలి. ఆ ప్లేటు వెంట్రుకవాసి పక్కకు పోయినా క్లచ్చు ప్లేట్లు తింటుంది, షాఫ్టు బేరింగు మోగుతుంది.

పి.టి.ఓ. సంగతి మరొకటి. నూర్పిడి యంత్రాలు, స్ప్రేయర్లు చాలావరకు నిమిషానికి 540 చుట్లకు తయారైనవి. ఇంజను వేగం వేరైతే ఆ లెక్క తప్పుతుంది. "35 బండికి 50 గుర్రాల ఇంజను పెట్టించా" అని రచ్చబండ మీద చెప్పుకోవడానికి బాగుంటుంది. ఎడ్లబండి ఇరుసుకు లారీ బరువు ఎత్తినట్టే అది. గేర్లు పగిలిన రోజు ఆ గొప్ప మాట ఎవరూ గుర్తుచేయరు.

కాగితం సంగతి

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం ఇంజను మారిస్తే ఆ సంగతి రవాణా శాఖ రికార్డులోకి ఎక్కాలి. ముందుగా అనుమతి తీసుకోకుండా మార్చినవారు 14 రోజుల్లోగా తెలియజేసి ఆర్.సి.లో మార్పు చేయించుకోవాలి. కంపెనీ ఇచ్చిన అసలు రూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చి చెప్పింది. బండి మీద అప్పుంటే అప్పిచ్చిన వారి రాతపూర్వక సమ్మతి కూడా తీసుకోవడం మంచిది.

ఇదంతా పట్నం వాళ్ల గొడవ అనుకోవద్దు. ధాన్యం ట్రక్కు తగిలించుకుని రోడ్డెక్కిన రోజు, ఖర్మ చాలక ప్రమాదం జరిగిన రోజు, ఇంజను నంబరు ఒకటి, పుస్తకంలో నంబరు ఇంకొకటి అయితే బీమా కంపెనీ మెలిక పెడుతుంది. ఆ ఇంజను దొంగిలించిన బండిదైతే పోలీసులు ముందు తట్టేది కొన్న రైతు తలుపునే.

మార్చక తప్పనప్పుడు

రాడ్డు విరిగి దిమ్మను చీల్చుకుని బయటికి వస్తే మార్చక తప్పదు. దిమ్మ పగిలినా, విడిభాగాలు దొరకని మోడలైనా అంతే. అప్పుడు అదే కంపెనీ, అదే మోడలు ఇంజను మాత్రమే తీసుకోవాలి. దాన్ని స్టార్టు చేసి చూపించమనాలి. సంపు విప్పించి ఒక బేరింగు తీసి వీపు చూడాలి. క్రాంకును ఎంత అరగదీశారో ఆ సైజు అంకె అక్కడ కొట్టి ఉంటుంది. మేస్త్రీలు టెన్, ట్వెంటీ, థర్టీ అనేది దాన్నే. టెన్ అంటే అంగుళంలో నూరో వంతు. థర్టీ దాకా వచ్చిన క్రాంకుకు ఇక మిగిలిన ఆయుష్షు తక్కువ. రన్నింగ్ ఇంజను అన్న పేరుకు మోసపోకుండా ఈ ఒక్క అంకె కాపాడుతుంది.

బిల్లు, పాత బండి ఆర్.సి. నకలు, అమ్మినవారి సంతకం లేనిదే పైసా ఇవ్వకూడదు. దించిన పాత ఇంజను రైతు ఆస్తి. దాన్ని తుక్కు కింద షెడ్డులో వదిలేసి రావడం అలవాటైపోయింది. అందులోని హెడ్డు, పంపు, క్రాంకు విడివిడిగా అమ్ముడుపోతాయి. ఆ విలువ లెక్కలో తగ్గించమని అడగడం రైతు హక్కు.

ఇక ఇంజనుతో పాటు గేరుబాక్సు, హైడ్రాలిక్కు, వెనక టైర్లు అన్నీ పోయిన బండి అయితే బాగు చేయించడమూ వద్దు, మార్చడమూ వద్దు. వచ్చిన ధరకు అమ్మేసి ఒక సీజను కిరాయి ట్రాక్టరుతో గడుపుకోవడంలో నామోషీ లేదు. మొత్తం బాగు ఖర్చు, బాగైన బండికి వచ్చే ధరలో సగం దాటుతుంటే ఈ మూడో దారి గురించి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి.

తప్పు ఒక్కరిదే కాదు

మేస్త్రీలనే నిందించడం న్యాయం కాదు. వైశాఖమంతా ఖాళీగా ఉన్న షెడ్లకు జ్యేష్ఠం చివర్లో అందరూ ఒక్కసారే పరిగెత్తుకొస్తే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? గ్రైండింగ్ షాపులో వరస పెరుగుతుంది. పని పలుచనవుతుంది. దాళ్వా కోత అయిన వెంటనే ఏప్రిల్లో బండిని పరీక్ష చేయిస్తే బేరం రైతు చేతిలో ఉంటుంది. జూన్లో వెళితే బేరం ఎదుటివాడి చేతిలో ఉంటుంది.

అసలు ఇంజన్లను తొందరగా తినేసేది దుమ్ము. పొడి దుక్కి, నూర్పిడి రోజుల్లో ఎయిర్ క్లీనరు గిన్నెలోని ఆయిలును రోజూ చూసి, బురదగా మారితే మార్చినవారి ఇంజను పక్కవాడి ఇంజను కంటే ఎక్కువ ఏళ్లు తిరుగుతుంది. ఈ పనికి పెద్ద ఖర్చేమీ లేదు.

ప్రభుత్వమూ కొంత పూనుకోవాలి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అక్కడ ట్రాక్టరు నిర్వహణ నేర్పుతారు. డెల్టా రైతు, పల్లె మేస్త్రీ అంత దూరం వెళ్లడం ఎంతవరకు సాధ్యం? ప్రతి వేసవిలో మండల కేంద్రాల్లో పది రోజులు శిబిరం పెట్టి, కంప్రెషన్ గేజీతో, నాజిలు పరీక్ష యంత్రంతో పాత ట్రాక్టర్లను చూసి జబ్బు ఏమిటో కాగితం మీద రాసిస్తే చాలు. ఐ.టి.ఐ. విద్యార్థులకు పని వస్తుంది, రైతుకు ధైర్యం వస్తుంది. ఆ కాగితం చేతిలో ఉన్న రైతును ఎవరూ తొందరపెట్టలేరు.

ఎద్దు కుంటితే వెంటనే సంతకు తోలే రైతు లేడు. డెక్క ఎత్తి చూస్తాడు, ముల్లు ఉందేమోనని వెతుకుతాడు. ట్రాక్టరు విషయంలోనూ ఆ ఓపికే కావాలి. గొలుసు బ్యాంకుకు వెళ్లే ముందు గేజీ ఇంజనుకు వెళ్లాలి.