నచ్చిన దుకాణానికి వెళ్లే హక్కు

నాలుగు కిరాణా కొట్లు తిరిగి, బియ్యం గుప్పిట పట్టి చూసి, ధర నచ్చకపోతే పక్క కొట్టుకు వెళ్లడంలో ఒక ఆనందం ఉంది. రాయ్‌పూర్ బజార్లలోనూ అంతే. అయితే అది చేతిలో డబ్బున్నవారి ఆనందం. రేషన్ కార్డుదారుకు ఒకప్పుడు రాసిపెట్టినది ఒకే దుకాణం. తూకం తగ్గినా, ‘సరుకు రాలేదు, రేపు రా’ అన్నా ఓర్చుకోవలసి వచ్చేది.

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2004లో రేషన్ దుకాణాలను ప్రైవేటు డీలర్ల నుంచి తప్పించి పంచాయతీలకు, సహకార సంఘాలకు, మహిళా బృందాలకు అప్పగించింది. 2012లో రాయ్‌పూర్‌లో ‘మేరీ మర్జీ’, అంటే ‘నా ఇష్టం’, మొదలుపెట్టింది. కార్డుదారు తనకు నచ్చిన రేషన్ దుకాణంలో సరుకు తీసుకోవచ్చు. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య ఈ వెసులుబాటు రాష్ట్ర సరిహద్దును కూడా దాటింది.

పేదలకు ఏమివ్వాలన్న చర్చ మన రాజకీయాల్లో నిత్యం వినిపిస్తుంది. వారు ఎంచుకోగలరా అన్న ప్రశ్న మాత్రం అరుదు. కార్డుదారు వెళ్లిపోగలడని తెలిసిన చోటే తూకం నిక్కచ్చిగా ఉంటుంది. కానీ అడవి పల్లెలో రెండో దుకాణమే లేనప్పుడు ‘నా ఇష్టం’ వట్టి మాటే. అక్కడ ఆ ఒక్క దుకాణాన్నీ గ్రామసభ ముందు నిలదీయగలగడమే అసలైన హక్కు.